ఆకుల ఫొటోల్లో పచ్చదనం ఎందుకు పాలిపోతోంది?

ప్రశ్న: ఫోన్‌తో ఆకులు దగ్గరగా తీస్తే తెల్లబారి, కాస్త గులాబీ ఛాయతో వస్తున్నాయి. పచ్చ గొడుగు, సీసా తీస్తే బాగానే ఉంటోంది. ఎందుకండీ?

జవాబు 1: కారణాలు రెండండీ. ఫ్రేమంతా పచ్చగా ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ (ఫోన్ తనంతట తానే రంగులు సరిచేసే పద్ధతి) దాన్ని దోషమనుకుని మెజెంటా, అంటే ముదురు గులాబీ ఛాయ కలుపుతుంది. కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను, ఎండలోనైతే 5500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) దగ్గర పెట్టి వదిలేయండి. తెల్లబారడం ఆకు పైపొర మెరుపు వల్ల. వెలుగు ఆకు వెనక నుంచి వచ్చేలా నిలబడండి, ఈనెలు కూడా తేలతాయి.

జవాబు 2: లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పినా మెరుపు తగ్గుతుంది. కాకపోతే ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). దాంతో షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి, గాలి వీస్తే ఆకు మసకే.

ప్రశ్న: ఎడిటింగ్‌లో శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే చాలదా?

జవాబు 1: ప్లాస్టిక్ ఆకులైపోతాయి! ఆకుల రంగులో పసుపు వాటా ఎక్కువ. ముందు పసుపు స్లైడర్ కదిపి చూడండి.