విశాఖలో ఉద్యోగాలు పెరుగుతున్నాయా, తరుగుతున్నాయా?

ఉప్పుటేరు:
సూటిగా అడుగుతున్నాను: విశాఖ ప్రాంతంలో ఉద్యోగాలు నికరంగా పెరుగుతున్నాయా, తరుగుతున్నాయా? తరుగుతున్నాయనే నా వాదన. హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ 2012లో ఆగిపోయింది. భారీ యంత్రసామగ్రి తయారుచేసే బీహెచ్‌పీవీ 2013లో మరో ప్రభుత్వ సంస్థ భెల్‌లో కలిసిపోయింది. ఉక్కు ఫ్యాక్టరీకి 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది వీఆర్‌ఎస్‌లు (స్వచ్ఛంద పదవీ విరమణలు), కాంట్రాక్టు కార్మికుల తొలగింపులూ జరిగాయి. అనుమానముంటే 2021 నాటి విశాఖ జిల్లా ఫ్యాక్టరీల సంఖ్యనీ ఇప్పటి సంఖ్యనీ పక్కపక్కన పెట్టుకోండి.

శిస్తులెక్క:
మిగతాది తర్వాత మాట్లాడదాం గానీ, ఆ చివరి వాక్యం మాత్రం వెనక్కి తీసుకోండి సార్. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్, నక్కపల్లి అనకాపల్లి ఖాతాలోకి వెళ్ళాయి. ఫ్యాక్టరీలు ఉన్నచోటే ఉన్నాయి, జరిగింది జిల్లా గీత. పోల్చాలంటే విశాఖ, అనకాపల్లి కలిపి పాత జిల్లాతో చూడాలి. మన్యం వైపు పెద్ద ఫ్యాక్టరీలు లేవు కాబట్టి ఆ మూడోది వదిలేసినా ఫలితం పెద్దగా మారదు. పైగా ఆ రోజున అందులో తూర్పు గోదావరి నుంచి రంపచోడవరం మండలాలు కలిశాయి, లెక్కలోకి తెస్తే ఇంకా చిక్కు. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) హద్దు మరో తలనొప్పి. అనకాపల్లి పట్టణం నగరపాలికలో ఉంది, జిల్లా మాత్రం వేరు. ఎవరైనా 'విశాఖ' అన్నప్పుడు ముందు 'ఏ విశాఖ?' అని అడగాలి.

రుషికొండ_వ్యూ:
ఇంత గొడవెందుకండీ? పీఎఫ్ లెక్కలున్నాయిగా. రాష్ట్రంలో నెలనెలా నికర చేరికలు ప్లస్‌లోనే కనిపిస్తున్నాయి. మరి తరుగుతున్నది ఎక్కడ?

శిస్తులెక్క:
పీఎఫ్ పేరోల్ లెక్క రాష్ట్రం దాకానే వస్తుంది, జిల్లా వారీగా రాదు. ఆంధ్ర అంకె తీసుకుని విశాఖకు అతికిస్తే కుదరదు. అదలా ఉంచండి, ఆ లెక్క కొలిచేది ఉద్యోగాన్ని కాదు, చందాను. ఒక కాంట్రాక్టరు దగ్గర 18 మంది ఉన్నారనుకోండి. పీఎఫ్ చట్టం 20 మంది దగ్గర వర్తిస్తుంది. ఇద్దరిని కొత్తగా చేర్చుకోగానే 20 మందికీ చందా మొదలవుతుంది. పుట్టినవి రెండు ఉద్యోగాలు, కాగితం మీద 20 చేరికలు. ఇక కాంట్రాక్టు చేతులు మారితే అదే మనిషి, అదే షెడ్డు, అదే పని. కానీ ఒకచోట 'వెళ్ళిపోయాడు', ఇంకోచోట 'మళ్ళీ చేరాడు'. యజమానులు నెలనెలా పెట్టే పీఎఫ్ రిటర్ను (ఈసీఆర్) ఆలస్యంగా దాఖలు చేసేవాళ్ళ వల్ల అంకెలు తర్వాత సవరిస్తారు. తాజా నెల అంకె చూసి పండగ చేసుకునేవాళ్ళు ఆ సవరణ వైపు తిరిగి చూడరు. కనీసం ఏడాది పాతబడ్డ నెలలనే తీసుకోండి.

కేంద్రం చేసే ఉపాధి సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్‌కి వెళ్దామంటే అందులోనూ మెలిక ఉంది. వారపు స్థితి లెక్కలో వారం మొత్తంలో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. రొయ్యల షెడ్డులో కిలోల లెక్కన తల తీసే ఆవిడ వారంలో రెండు రోజులే పనికెళ్ళినా, ఐటీ హిల్‌లో నెలజీతం ఇంజినీరూ ఆ గళ్ళో ఒక్కొక్కరే.

రిలీవర్_సి_షిఫ్ట్:
ఎంతసేపూ గేటు మూశారా తెరిచారా అనే చూస్తన్నారు, మధ్యలో ఏటి జరుగుతోందో చూడరేటండీ? బల్క్‌డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో ఒక రియాక్టర్ దగ్గర 24 గంటలూ ఒక మనిషి ఉండాల. ఎనిమిది గంటల షిఫ్టులైతే వారానికి 21 షిఫ్టులు. మనిషి ఆరు షిఫ్టులు చేస్తాడు, అంటే మూడున్నర మంది. సెలవులకు రిలీవర్‌ని కలిపితే నలుగురు. అదే పన్నెండు గంటల పద్ధతిలోకి మారిస్తే వారానికి 14 షిఫ్టులే. ఆరు చేయించినా రెండున్నర మంది లోపే చాలు, సెలవులు కలిపినా ముగ్గురికి దాటదు. ఒక సీటుకి ఒక ఉద్యోగం మాయం. ఉత్పత్తి తగ్గలేదు, గేటుకు తాళం పడలేదు, పేపర్లో వార్త రాలేదు. ఓవర్‌టైం డబ్బు వస్తోందని ఉన్నవాడూ నోరెత్తడు. పన్నెండో గంటలో సెంట్రిఫ్యూజ్ దగ్గర సాల్వెంట్ వాసన పట్టించుకునే ఓపిక ఉండదు, ప్రమాదాలకి అదో దారి.

రోజుకి పని గంటల పరిమితి 9 నుంచి 10కి పెంచాలని రాష్ట్ర కేబినెట్ 2025లో నిర్ణయించింది. దాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి.

రుషికొండ_వ్యూ:
ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. కానీ కొత్తవి రావట్లేదనకండి. టీసీఎస్ 1,370 కోట్లకు 12,000 ఉద్యోగాలు, కాగ్నిజెంట్ 1,583 కోట్లకు 8,000 ఉద్యోగాలు ఇస్తామన్నాయి. గూగుల్ డేటా సెంటర్ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు.

ఉప్పుటేరు:
'ఇస్తామన్నాయి' అని మీరే రాశారు. సరే, భాగహారం చేద్దాం. టీసీఎస్ కోటికి దాదాపు 9 ఉద్యోగాలు, కాగ్నిజెంట్ 5. ఇక సదస్సుల సంగతి. 2023 మార్చిలో ఇక్కడే జరిగిన పెట్టుబడుల సదస్సులో సుమారు 13 లక్షల కోట్లు, 6 లక్షల ఉద్యోగాలన్నారు. 2025 నవంబరులో ఇంకో ప్రభుత్వం, ఇంకో సదస్సు. 13 లక్షల కోట్ల పైచిలుకు, 16 లక్షల ఉద్యోగాలు. డబ్బు ఇంచుమించు అంతే, ఉద్యోగాలు రెండున్నర రెట్లు! కోటికి అర ఉద్యోగం కాస్తా రెండున్నరేళ్ళలో ఒకటింబావు ఎలా అయిందో ఏ అధికారీ చెప్పలేదు. (రెండూ రాష్ట్రమంతటికీ చెప్పినవే, విశాఖ వాటా విడిగా తేల్చలేదు.)

డేటా సెంటర్‌ను ఐటీ ఉద్యోగాల పద్దులో వేయడం తప్పు. అక్కడ డబ్బంతా సర్వర్లు, సబ్‌స్టేషన్లు, చల్లబరిచే యంత్రాల (చిల్లర్ల) మీద పోతుంది. కట్టేటప్పుడు సివిల్, ఎలక్ట్రికల్ పనివాళ్ళు గుంపులుగా కావాలి. నడిచేటప్పుడు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్, కూలింగ్, సెక్యూరిటీ. పెట్టుబడితో పోలిస్తే గుప్పెడు మంది. అందుకే నిర్మాణ ఉద్యోగాలూ స్థిర ఉద్యోగాలూ వేర్వేరు గళ్ళలో రాయాలి.

అచ్యుతాపురం_రూటు:
మీ నలుగురి లెక్కలోనూ ఆడవాళ్ళు లేరు, మధ్యలో ఒక రొయ్యల షెడ్డు ఆవిడ తప్ప. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల పార్కు వెయ్యి ఎకరాలు, అక్కడ కుట్టుపని లైన్లలో దాదాపు అంతా మహిళలే. పొద్దున్నే పల్లెల నుంచి బస్సులు నిండి వెళ్తాయి. ఉక్కు ఫ్యాక్టరీలో ఒక పర్మనెంట్ ఉద్యోగం పోయి ఇక్కడ రెండొస్తే తలల లెక్క పెరిగినట్టే. కానీ గాజువాకలో ఆ ఒక్క జీతం మీద క్వార్టర్సు, కిరాణా, ట్యూషన్, టూవీలర్ షోరూం బతికాయి. ఈ రెండు జీతాలు కలిపినా అంత రాదు. అలాగని ఆ అమ్మాయిల ఉద్యోగం ఉద్యోగం కాదనకండి, చాలామందికి కూలి కాకుండా చేతికందిన మొదటి నెలజీతం అదే. తలల లెక్కతో పాటు మొత్తం వేతనాల గడి ఒకటి పెట్టండి, సగం తగవు అక్కడే తీరుతుంది.

శిస్తులెక్క:
ఆ గడి నింపడానికి దారి ఉంది. సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు పెట్టండి, పది రూపాయలు. ఫ్యాక్టరీల శాఖను రెండు జిల్లాలకీ వార్షిక రిటర్నుల్లోని రోజువారీ సగటు కార్మికుల సంఖ్య అడగండి, స్త్రీ పురుషులు విడివిడిగా. కాంట్రాక్టు కార్మికుల లైసెన్సులు వేరే దరఖాస్తులో అడగాలి. ఇక్కడే అందరూ పొరబడతారు. ఉక్కు, పోర్టు కేంద్ర పరిధిలోవి, వాటి లైసెన్సులు రాష్ట్ర కార్మిక శాఖ దగ్గర ఉండవు, రీజినల్ లేబర్ కమిషనర్ (కేంద్ర) ఆఫీసులో ఉంటాయి. తప్పు ఆఫీసుకు వేస్తే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో బదిలీ చేయాలని చట్టం చెబుతోంది, చేస్తారని మాత్రం నమ్ముకోకండి. లైసెన్సులో ఉండేది గరిష్ఠ సంఖ్య, పనిచేసినవాళ్ళ సంఖ్య కాదు. దాన్ని పై హద్దుగానే వాడండి.

ఉప్పుటేరు:
ఫ్యాక్టరీల సంఖ్య గురించిన నా వాక్యం కొట్టేశాను. దరఖాస్తులు రెండూ రాస్తున్నాను. మొదటి ఏడాది 2020-21 పెట్టనా?

శిస్తులెక్క:
వద్దు. అది కోవిడ్ ఏడాది, దాని పక్కన ఏది పెట్టినా ఎదుగుదలలాగే కనిపిస్తుంది. 2018-19 నుంచి అడగండి.

రిలీవర్_సి_షిఫ్ట్:
షిఫ్టు ఎన్ని గంటలో కూడా అడగండి బాబూ, మరిచిపోకండి.