7 శాతం పరిమితి: 1924 కోటాకి కొత్త వేషమా?

కృష్ణాతీరం
అమెరికాలో ఉద్యోగం మీద ఇచ్చే శాశ్వత నివాస అనుమతుల్లో, అంటే ఉపాధి గ్రీన్‌కార్డుల్లో, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడాదికి 7 శాతం మించి ఇవ్వకూడదన్న నియమం గురించి ఇక్కడ ముక్కలుముక్కలుగా చాలాసార్లు కొట్టుకున్నాం. ఈసారి ఒకేచోట తేల్చుకుందాం. నా వరకు ఇది పాత జాతీయ మూలాల కోటాయే, కాస్త మెత్తగా కుట్టారంతే.

1921 వలస చట్టంలో ఒక్కో దేశపు కోటా లెక్క ఏమిటంటే, 1910 జనాభా లెక్కల్లో అమెరికాలో ఉన్న ఆ దేశస్థుల్లో 3 శాతం. ఇటలీకి 42,057 వచ్చాయి. అది కంటగింపయి 1924లో శాతాన్ని 2కి దించి, జనాభా లెక్కని 1890కి జరిపారు. ఇటాలియన్లు, పోలండ్ వాళ్లు, తూర్పు యూరప్ యూదులు ఎక్కువగా దిగింది 1890 తర్వాతే కదా! ఇటలీ 3,845కి పడిపోయింది, జర్మనీకి 51,227 దక్కాయి. చట్టంలో ఏ జాతినీ తిట్టలేదు, సంవత్సరాన్ని ఎంచుకోవడంలోనే పని కానిచ్చేశారు. 7 శాతమూ అంతే. పైకి అందరికీ ఒకటే, వాత పడేది మాత్రం మనకీ చైనాకీ.

చట్టం చదివేవాడు
లెక్కలు కరెక్టే, పోలికే కుదరదండీ. 1924 చట్టం దేశదేశానికీ వేరే అంకె ఇచ్చింది. ఇప్పుడున్నది అందరికీ ఒకే అంకె. మనకి జరిగిన అసలు అన్యాయం చూడాలంటే 1924 పట్టికలోనే చూడండి. ఇండియాకి 100 కోటా ఉండేది. కానీ పౌరసత్వానికి అర్హులైనవాళ్లే వాడుకోవాలి. భారతీయులు ఆ అర్హతకి సరిపడే ‘తెల్లవారు’ కారని భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు 1923లోనే తేల్చేసింది. అంటే ఇండియా పేరున్న కోటాని భారతీయుడు తప్ప మిగతావాళ్లు వాడుకోవచ్చు! మనవాళ్లకి ఆ 100 నిజంగా అందింది 1946 లూస్-సెల్లర్ చట్టంతో.

1952 చట్టం ఇంకో మెలిక పెట్టింది. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే చాలు, లండన్‌లో పుట్టినా ఇండియా ఖాతాలోనే రాసేవారు. అది రక్తం చూసే చట్టం. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన చట్టం దాన్నే కొట్టేసి, తూర్పు అర్ధగోళంలో దేశానికి 20,000 గరిష్ఠం అంది. 1976లో పశ్చిమానికీ అదే వర్తింపజేశారు. 1990లో అది 7 శాతం అయింది.

మీకు పనికొచ్చే ఒక్క పాయింటు మాత్రం నేనే ఇస్తాను. వలస చట్టం సెక్షన్ 202(ఏ)(1) పుట్టిన చోటుని బట్టి వీసాలో వివక్ష చూపకూడదంటుంది. పక్కనే (ఏ)(2) పుట్టిన చోటుని బట్టి పరిమితి పెడుతుంది. మొదటి దాంట్లో ‘ఇందులో ప్రత్యేకంగా చెప్పినవి తప్ప’ అన్న మాట ఉండబట్టి రెండూ ఒకే ఒరలో ఇమిడాయి.

లెక్కల మాస్టారు
చరిత్ర బాగుంది గానీ, 7 శాతం వాటా కాదు, గరిష్ఠం. ఈ ఒక్క తేడా తెలియకపోతే, నెలనెలా ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ అర్థం కాదు.

ఏడాదికి మొత్తం 1,40,000. అందులో ఈబీ-2కి (పీజీ స్థాయి చదువు అడిగే ఉద్యోగాల కేటగిరీ) 28.6 శాతం, అంటే 40,040. దానిలో 7 శాతం 2,803. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఈ అంకెలోంచే పోతారు. కుటుంబానికి ముగ్గురని వేసుకోండి, ఏడాదికి 934 మంది ఉద్యోగులు తేలతారు.

మరి ఇన్నేళ్లు క్యూ ఆ మాత్రమైనా ఎలా కదిలింది? 2000 నాటి సవరణ వల్ల. ఒక త్రైమాసికంలో ఒక కేటగిరీలో వీసాలు మిగిలితే, వాటిని దేశ పరిమితి చూడకుండా పాత ప్రయారిటీ డేట్ (క్యూలో చేరిన తేదీ) వాళ్లకి ఇవ్వాలి. మిగతా ప్రపంచం నుంచి డిమాండ్ తక్కువగా ఉన్నంతకాలం ఆ మిగులు ఇండియాకే వచ్చేది. దానికితోడు 2020, 2021లో కాన్సులేట్లు మూతపడి కుటుంబ వీసాలు వాడకుండా మిగిలాయి, అవి తర్వాతి ఏడాది ఉపాధి ఖాతాలో కలిశాయి. 1,40,000 కాస్తా 2022 ఆర్థిక సంవత్సరానికి సుమారు 2,81,000 అయింది. ఈబీ-2 ఇండియా కటాఫ్ (ఆ తేదీకి ముందు క్యూలో చేరినవారికే వంతు) 2014 డిసెంబర్ 1 దాకా పరిగెత్తింది.

తర్వాత అంకె మామూలుకి దిగుతూ వచ్చింది. అంతకన్నా పెద్ద దెబ్బ, 2022 డిసెంబర్ బులెటిన్‌లో మిగతా ప్రపంచపు ఈబీ-2కే కటాఫ్ పడింది. వాళ్లకే చాలనప్పుడు మనకి మిగిలేదేముంది? అప్పటికే 2022 అక్టోబర్‌లో 2012 ఏప్రిల్‌కి జారిన తేదీ, 2023 ఏప్రిల్‌కల్లా 2011 జనవరి 1కి పోయింది. ఈ ఎగుడుదిగుళ్లన్నిటిలో 7 శాతం ఎక్కడా మారలేదు. మారింది మొత్తం అంకె, మిగులు.

కృష్ణాతీరం
మాస్టారూ, మీ లెక్కే నా వైపు మాట్లాడుతోంది. మిగులు వస్తే కదులుతుంది, లేకపోతే 2,803. అంటే ఒకే జీతం, ఒకే పెర్మ్ (కార్మిక శాఖ ఆమోదం), ఒకే ఐ-140 (యజమాని వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) ఉన్న ఇద్దరిలో ఎవరు ముందో తేల్చేది పుట్టిన ఊరు. ఇంకో వింత చూడండి. తాత్కాలిక ఉద్యోగ వీసా హెచ్-1బి, అంటే మొదటి మెట్టుకి ఏడాదికి 65,000 ప్లస్ 20,000 అన్నారే తప్ప దేశాల పరిమితి లేదు. ఆమోదాల్లో నూటికి 70కి పైగా భారత్‌లో పుట్టినవారివే. లోపలికి వచ్చే గుమ్మం వెడల్పు, బయటి గుమ్మం ఇరుకు. మధ్యలో ఇరుక్కున్నవాడికి ఐ-140 ఉంటే మూడేళ్లకోసారి పొడిగింపు ఇస్తూ పోతారు. శాశ్వతమైన తాత్కాలికం!

మంజీర
అన్నా, గుమ్మం పోలిక బాగుంది గానీ ఎత్తేస్తే ఏమైతదో కూడా చెప్పాలె కదా. మొత్తం పెంచకుండా పరిమితి ఒక్కటే తీసేస్తే, చాలా ఏండ్లు ఈబీ-2, దాని కింది కేటగిరీ ఈబీ-3 దాదాపు మొత్తం ఇండియా పాత తేదీలకే పోతది. ఫిలిప్పీన్స్ నర్సు, నేపాల్ పరిశోధకుడు, నైజీరియా ఇంజనీరు ఆగిపోతరు. నర్సులకు హెచ్-1బి దాదాపు దొరకదు, బయటి దేశంల కూసొని ఈబీ-3 కోసమే చూస్తరు. మన దగ్గర పొడిగింపన్నా ఉంది, వాళ్లకు అదీ లేదు.

అందుకే బిల్లులు ఆడనే ఆగినయి. ఈ పరిమితి తీసేసే బిల్లు హెచ్.ఆర్.1044, 2019 జులై 10న ప్రతినిధుల సభల 365-65తో గెలిచింది. మొదటి ఏడాది 15 శాతం, తర్వాత రెండేండ్లు 10 శాతం వేరే దేశాలకు పక్కన పెట్టాలన్నరు. సెనేట్‌ల సెనేటర్ డర్బిన్ అడ్డుపడి, సంఖ్యే పెంచాలని వేరే బిల్లు తెచ్చిండు. 2020 డిసెంబర్ 2న సెనేట్ తన రూపం పాస్ చేసింది, రెండు సభల మాటలు కలవక అది పోయింది. 2022ల అదే పనికి తెచ్చిన ఈగిల్ యాక్ట్ బిల్లు తొమ్మిదేండ్లల మెట్లుమెట్లుగ తీసేద్దమన్నా ఓటింగ్ దాకా రాలే.

గడువు తేదీ
చట్టం మారేదాకా ఉన్నదాంట్లో జనం చేసే తప్పులు రెండు చెప్తాను, ప్రతి చర్చలోనూ ఇవే వస్తున్నాయి.

ఒకటి, దేశం ఖాతా పుట్టిన చోటుని బట్టే, పాస్‌పోర్టుని బట్టి కాదు. కెనడా పౌరసత్వం తీసుకున్నా గుంటూరులో పుడితే ఇండియానే. కానీ భార్య మస్కట్‌లోనో కువైట్‌లోనో పుట్టి ఉంటే భర్త కూడా ఆ దేశం ఖాతాలోకి వెళ్లొచ్చు. గల్ఫ్‌కి వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు మనలో చాలామంది, ఇది అడగకుండా ఏళ్లు పోగొట్టుకుంటున్నారు. ఇద్దరి ఐ-485లూ (గ్రీన్‌కార్డు తుది దరఖాస్తులు) కలిపి వేసి, జనన ధృవపత్రం జతచేసి, కవరింగ్ లెటర్‌లో స్పష్టంగా కోరాలి. పిల్లలు పుట్టిన దేశం మాత్రం తల్లిదండ్రులకి పనికిరాదు.

రెండు, పిల్లల వయసు. కింది లెక్కలో 21 నిండితే తల్లిదండ్రులతోపాటు వాళ్లకి గ్రీన్‌కార్డు రాదు. తేదీ కరెంట్ అయిన (వంతు వచ్చిన) రోజున ఉన్న వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న కాలం తీసేయాలి. 21 ఏళ్ల 10 నెలల పిల్లకి ఐ-140 11 నెలలు పెండింగ్ అయితే 20 ఏళ్ల 11 నెలలు, గట్టెక్కింది. ప్రీమియం (త్వరగా తేల్చడానికి అదనపు ఫీజు) కట్టి మూడు వారాల్లో ఆమోదం తెచ్చుకుంటే తీసేయడానికి దాదాపు ఏమీ ఉండదు! చిన్న పిల్లలున్నవాళ్లు తొందరపడి ప్రీమియం కట్టేముందు ఈ లెక్క వేసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఈ వయసు లెక్కకి మళ్లీ బులెటిన్‌లోని ఫైనల్ యాక్షన్ చార్టే (గ్రీన్‌కార్డు ఇచ్చే తేదీలు) ప్రమాణం, ఫైలింగ్ చార్టు (దరఖాస్తు వేసుకునే తేదీలు) చూసి ధీమా పడొద్దు.

లెక్కల మాస్టారు
మంజీర గారి భయానికీ కృష్ణాతీరం గారి కోపానికీ కలిపి ఒక మందుంది. 1,40,000లో సగానికి పైగా కుటుంబ సభ్యులకే పోతున్నాయి. వాళ్లని లెక్కలోంచి తీసేస్తే ఎవరి తేదీ వెనక్కి జరక్కుండానే అందరి క్యూ రెట్టింపు వేగంతో కదులుతుంది.

చట్టం చదివేవాడు
చట్టం మార్చకుండానే అది చేయొచ్చని వాదించేవాళ్లూ ఉన్నారు. సెక్షన్ 203(డి) కుటుంబ సభ్యులకి ‘అదే హోదా, అదే వరుసక్రమం’ అంది గానీ, వాళ్లనీ అంకెలో లెక్కపెట్టమని నేరుగా అనలేదు. నాకు నమ్మకం లేదు. దశాబ్దాలుగా లెక్కపెడుతూనే ఉన్నారు, 1990లో అంకెలన్నీ తిరగరాసినప్పుడు కాంగ్రెస్ ఆ పద్ధతి తెలిసీ తాకలేదు. ఒక్క మెమోతో మార్చినా మర్నాడే కోర్టుకి పోతుంది.

కృష్ణాతీరం
పోనివ్వండి. 203(డి)లో లేని మాటని ఇన్నేళ్లు చదువుతున్నది వలస అధికారులే, రుజువు చేసుకోవలసిందీ వాళ్లే.