అప్‌డేట్: స్టీమ్ డెక్ ఓఎల్ఈడీనే తీసుకున్న
నల్గొండ–హైదరాబాద్ బస్సుల ఆడుకోనీకి చేతిల పట్టుకొని ఆడే గేమింగ్ మిషన్లల స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ కొనాల్నా, ఆర్ఓజీ ఎలై కొనాల్నా అని పోయిన నెల ఇక్కడ అడిగిన. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మా బావ అమెరికా నుంచి వస్తూ డెక్ తెచ్చిండు.

"ముందు బ్యాటరీ చూడన్నా" అన్న తమ్ముని మాటే పనికొచ్చింది. డెక్‌ది 50 వాట్‌అవర్, మొదటి ఎలైది 40. చిన్న గేములైతే చార్జర్ లేకుండనే పోయి వస్తున్న. చౌటుప్పల్ కాడ ఎవరన్న లేపితే పవర్ బటన్ నొక్కుత, మళ్ల నొక్కితే ఆగిన చోటు నుంచే ఆట. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఎలై స్క్రీన్‌ది 120 హెర్ట్జ్ (అంటే బొమ్మ సెకనుకు 120 సార్లు మారుతది), దాని కోసం ఊరికే తండ్లాడిన. డెక్‌ది 90, అదే చాలు. బరువు తేడా 32 గ్రాములే.

వాలరెంట్, ఫోర్ట్‌నైట్ గేములు మాత్రం డెక్‌ల ఉండే స్టీమ్‌ఓఎస్ (విండోస్ లెక్క ఒక సిస్టమ్) మీద నడవవు. డెక్‌ను మన దేశంల అధికారికంగ అమ్మరు. ఇక్కడి వారంటీ కావాల్నంటే ఎలైనే నయం.