తాను ఇచ్చిన ఉత్తర్వుపై తానే అప్పీలు వింటున్న ఆర్డీవోను మార్చమని అడగవచ్చా?

ఉద్దానం రైతు:
మా నాన్నగారి పేరున ఉన్న జీడితోటను మా పెదనాన్న కొడుకు పేరుకు మార్చేశారు. పట్టాదారు పాసు పుస్తకాల చట్టం, 1971లోని 5(5) సెక్షన్ ప్రకారం 60 రోజుల గడువులోపే ఆర్డీవో దగ్గర అప్పీలు వేశాము. ఇప్పుడు ఆ కుర్చీలోకి ఇన్‌చార్జిగా వచ్చినవారు, అప్పట్లో తహసీల్దారుగా ఆ మార్పుపై సంతకం చేసినవారే. మొదటి వాయిదా ఇంకా రాలేదు. వేరే అధికారి వినేలా ఎవరికి అర్జీ పెట్టాలి? పెడితే ఆయనకు మాపై కోపం వస్తుందా? ఈలోగా అవతలివారు తోట అమ్మకుండా ఆపే వీలుందా?

చీపురుపల్లి వకీలు:
రెవెన్యూ కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదిస్తున్నవాడిగా చెబుతున్నాను. మొదటి వాయిదాలోనే, వాదన మొదలుకాకముందే, అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. మాణక్ లాల్ కేసులో 1957లోనే సుప్రీంకోర్టు తేల్చిన విషయమిది: పక్షపాతానికి ఆస్కారం ఉందని తెలిసి కూడా నోరు మెదపకుండా విచారణలో పాల్గొని, తీర్పు ఎదురుతిరిగాక ఆ మాట ఎత్తితే, ఆ హక్కును మీరే వదులుకున్నట్టు లెక్క. తప్పుకోమని ముందు ఆ అధికారినే కోరి, మరో అధికారికి అప్పగించమని కలెక్టరు గారికి అర్జీ పెట్టి, రెండింటికీ రసీదు తీసుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ అని మాత్రం రాయకండి. అది సివిల్ కోర్టుల మధ్య బదిలీకి సంబంధించినది.

రాజాం మాస్టారు:
చట్టం మాట సరే, మా అనుభవం వినండి. మేము వరండాలో నోటీసు బోర్డు పక్కన నిలబడి ఉండగా, అవతలి పక్షం వ్యక్తి చాంబర్‌లో అధికారి ఎదుటి కుర్చీలో కూర్చుని టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, నవ్వుతూ బయటకు వచ్చాడు. ఆ వెంటనే మమ్మల్ని పిలిచారు. మార్చమని అర్జీ పెడితే కొట్టేశారు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

చీపురుపల్లి వకీలు:
మాస్టారూ, టీ తాగడం రుజువు కాదు. చాంబర్‌లోకి రోజూ ఎందరో వస్తారు.

రాజాం మాస్టారు:
మీరు ఆ వరండాలో నిలబడలేదు కాబట్టి అలా అనగలుగుతున్నారు. ఒక పక్షాన్ని లోపల కూర్చోబెట్టి రెండో పక్షాన్ని బయట నిలబెట్టడమే నా అభ్యంతరం, టీ కాదు. పక్షపాతం నిజంగా జరిగిందని నిరూపించనక్కరలేదనీ, సహేతుకమైన అనుమానానికి ఆస్కారం ఉంటే చాలనీ క్రైపాక్ కేసులో 1969లోనే చెప్పారు కదా?

చీపురుపల్లి వకీలు:
క్రైపాక్ కేసులో అటవీ సర్వీసు ఎంపికకు అభ్యర్థిగా ఉన్న వ్యక్తే ఎంపిక మండలిలో కూర్చున్నాడు. తన పేరు వచ్చినప్పుడు పక్కకు తప్పుకున్నా ఆ ఎంపిక నిలవలేదు. అక్కడ స్వప్రయోజనం కాగితం మీదే కనిపిస్తోంది. మీ దగ్గర కాగితం ఏదీ? ఉద్దానం వారి దగ్గర ఉంది. ఆ తేడాను గమనించమంటున్నాను, మిమ్మల్ని కించపరచడం లేదు.

విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం:
నాపై శాఖాపరమైన విచారణ జరిగినప్పుడు విచారణాధికారి పక్షపాతం చూపుతున్నారని అర్జీ పెట్టగానే విచారణ ఆగిపోయింది, తర్వాత అధికారిని మార్చారు. అలాంటి అర్జీ వస్తే విచారణ నిలిపివేసి పై అధికారికి పంపాలని 1972 నవంబరు 9న కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ప్రతిని జతచేయండి, పని జరుగుతుంది.

చీపురుపల్లి వకీలు:
దయచేసి వారిని తప్పుదోవ పట్టించకండి. అది కేంద్ర ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యలకు ఉద్దేశించినది. భూమి అప్పీలుకు ఆ ప్రతిని జతచేస్తే, అసలు అభ్యంతరాన్ని కూడా తేలిగ్గా తీసుకుంటారు.

విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం:
తప్పుదోవ అన్న మాట వెనక్కి తీసుకోండి. న్యాయసూత్రం ఉద్యోగికి ఒకటి, రైతుకు ఒకటి ఉండదు.

బొబ్బిలి ఆడపడుచు:
అధికారి మారితే చాలని అందరూ అనుకుంటున్నారు. పుట్టింటి భూమి విషయంలో నా వాదన మొత్తం విన్న అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారు నన్ను పిలవకుండానే, ఫైలు చూసి నాకు వ్యతిరేకంగా ఉత్తర్వు ఇచ్చారు. బస్సు రూట్ల జాతీయీకరణపై గుల్లపల్లి నాగేశ్వరరావు కేసులో, ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే ఆ విచారణకు అర్థమే లేదని 1959లో సుప్రీంకోర్టు అన్నది మన రాష్ట్రం గురించే. ఉద్దానం అన్నయ్యా, కొత్త అధికారి మొదటినుంచి వినాలని అదే అర్జీలో అడగండి.

ఉద్దానం రైతు:
ఆ మాట చేరుస్తానమ్మా. అయితే మరో చిక్కు వచ్చింది. మా ఉత్తర్వు నకలులో తహసీల్దారు అన్న ముద్ర, ఒక గీత సంతకం తప్ప పేరు లేదు. అది ఆయనదేనని ఎలా చూపాలి?

రాజాం మాస్టారు:
తహసీల్దారు కార్యాలయంలో అక్కడ పనిచేసినవారి పేర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో రాసిన బోర్డు ఉంటుంది, చూడండి. ఉత్తర్వు తేదీ ఎవరి కాలంలో పడిందో తెలిసిపోతుంది. అవే వివరాలను సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా తీసుకుని అర్జీకి జతచేయండి.

చీపురుపల్లి వకీలు:
మాస్టారు చెప్పినది సరైన మార్గం. ఆ కాగితం కోసం ఆగి మొదటి వాయిదాను మాత్రం దాటనివ్వకండి. అభ్యంతరం ముందు ఇచ్చి, కాగితం తర్వాత దాఖలు చేస్తామని రాయండి. కలెక్టరు గారు పట్టించుకోకపోతే 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఉద్దానం రైతు:
బోర్డు చూసి వచ్చాను. ఉత్తర్వు తేదీ ఆయన పేరు ఎదుటి తేదీల మధ్యనే ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాను. తోట అమ్మకుండా ఆపే సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.