ధనియాలు గింజలా, కాయలా? ‘బద్ద’, ‘పెచ్చు’ మాటల మీద చర్చ

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒక ఆయుర్వేద చూర్ణం డబ్బా మీద వేసే వివరాలు తెలుగులో రాస్తున్నాను. ‘వాడిన భాగం’ అన్న గడిలో ధనియాలు, జీలకర్ర, వాము మూడింటికీ ‘ఫలం’ అని ఉంది. మెంతులకు మాత్రం ‘విత్తనం’ అని ఉంది. మన వాడుకలో అన్నీ గింజలే కదా. అచ్చు తప్పనుకుని దిద్దేయమంటారా?

జవాబు: దిద్దకండి, సరిగ్గానే ఉంది. మెంతి మొక్కకు సన్నటి పొడుగాటి కాయ కాస్తుంది. అది ఎండాక లోపలున్నవి రాల్చుకుంటే మెంతులు. కాబట్టి అవి విత్తనాలే. ధనియాలకు విడిగా కాయంటూ లేదు. పూరేకుల కింద ఉండే అండాశయమే గుండ్రంగా పెరిగి, ఎండి, ఉన్నదున్నట్టుగా మన పోపుల డబ్బాలోకి వస్తుంది. ఒక ధనియాన్ని వెలుతురులో పట్టుకుని కొన వైపు చూడండి. చిన్న ముక్కులా పొడుచుకొచ్చి, దాని చుట్టూ ఎండిన రక్షకపత్రాల తునకలు కనిపిస్తాయి. పువ్వు ఆనవాళ్లు కాయ నెత్తిన మిగలొచ్చు గానీ, లోపలి గింజకు అంటుకుని ఉండే వీలు లేదు.

ఇప్పుడు దాన్నే వేళ్ల మధ్య గట్టిగా నలపండి. నిలువునా రెండు బద్దలవుతుంది. ఒక్కో బద్దలో ఒక్కో విత్తనం, పైపొరకు అతుక్కుపోయి ఉంటుంది. వృక్షశాస్త్రం పాఠాల్లో ఇలా ముక్కలయ్యే కాయను భిదుర ఫలం అంటారు, ముక్కల్ని ఫలాంశకాలు అంటారు. జీలకర్ర, వాము, సోంపు అన్నీ ఈ కుటుంబమే.

ఇక్కడ ‘బద్ద’ దగ్గర ఒక తిరకాసు ఉంది. కందిపప్పు బద్ద అన్నా, ధనియాల బద్ద అన్నా మాట ఒకటే, వస్తువులు మాత్రం వేరు. కంది బద్ద ఒకే విత్తనంలో సగం, అంటే ఒక బీజదళం. భూమిలో వేస్తే కుళ్లిపోతుందే గానీ మొలవదు. ధనియాల బద్ద కాయలో సగమే అయినా, దానిలో పూర్తి విత్తనం ఉంది. అందుకే కొత్తిమీర వేసే రైతు ధనియాల్ని నలిపి బద్దలు చేసి మరీ చల్లుతాడు. ఒక్క ధనియం నుంచి రెండు మొక్కలు రావచ్చు.

మందు విషయానికొస్తే, ‘ఫలం’ అని రాయడం చాదస్తమేమీ కాదు. వీటి వాసన, గుణం చాలావరకు విత్తనంలో కాక దాన్ని కప్పిన పొరలోని తైలనాళాల్లో ఉంటాయి. సోంపు బద్దను అడ్డంగా కోసి భూతద్దంతో చూస్తే ఆరు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. వీపు వైపు నాలుగు, రెండు బద్దలు అతుక్కునే వైపు రెండు. ధనియాల్లో లోపలి వైపు రెండే. వాము నలిపితే గుప్పుమనే థైమాల్ కూడా ఇలాంటి నాళాల్లోదే. ఫార్మసీ పిల్లలు పొడిలో కల్తీ ఉందేమో చూసేటప్పుడు మైక్రోస్కోపులో వెతికే గుర్తుల్లో ఈ నాళాల ముక్కలూ ఉంటాయి.

ఇంకొకరు: గింజను కప్పిన పొరను పుస్తకాల్లో ‘ఫలకవచం’ అంటున్నారు. మూలికల దుకాణానికెళ్లి ఆ మాట అంటే నవ్వుతారు. అక్కడ ‘కరక్కాయ పెచ్చులు’ అనే అడుగుతాం. ‘పెచ్చు’ అనే రాయొచ్చుగా?

జవాబు: మంచి మాటే, కానీ అన్నిచోట్లా కుదరదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ టెంక ఉన్న కాయలు. త్రిఫల చూర్ణానికి టెంక తీసేసి, దాని మీది కండ ఎండినదే తూస్తారు. అదే పెచ్చు. (గోడ పెచ్చులూడింది అంటామే, ఆ పెచ్చే.) ఉసిరి టెంకను పగలగొట్టి చూడండి, మూడు గదులు, గదికి రెండు చొప్పున గింజలు ఉంటాయి. వాటితో వైద్యుడికి ఇక్కడ పని లేదు. ధనియాలకు ఆ పొర ఊడి రాదు. ఊడి రానిదాన్ని పెచ్చు అనడానికి నాకు నోరు రాదు. విడదీసి అమ్మేదానికి ‘పెచ్చు’, పాఠంలో ‘ఫలకవచం’ ఉంచుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: ధన్యవాదాలండీ, టెన్షన్ తీరింది. జాబితాలో మిరియాలు, గసగసాలు కూడా ఉన్నాయి. వాటికేం రాయను?

జవాబు: మిరియాలు ఫలమే. పచ్చిగా కోసి ఎండబెడితే పైతోలు ముడతలు పడి నల్లబడుతుంది. ఆ తోలు తీసేసినవే తెల్ల మిరియాలు. గసగసాలు మాత్రం కాయ లోపలి విత్తనాలు, అలాగే రాయండి. పిప్పళ్లు ఉన్నాయేమో కూడా చూసుకోండి. పిప్పలి ఒక్క కాయలా కనిపిస్తుంది గానీ, ఒక కాడ మీది చిన్న చిన్న కాయలన్నీ ఒత్తుగా కలిసిపోయిన కంకి అది. గడిలో ‘ఫలం’ అన్నా తప్పు లేదు, నేనైతే ‘ఎండిన ఫలాల కంకి’ అని రాస్తాను.