పీట్ హైన్: యుద్ధనౌకా, వలస కాపలాదారా?

తెరచాప: 1933 ఫిబ్రవరి 10న జావా, సుమత్రా దీవుల మధ్య ఉన్న సుండా జలసంధిలో డి జెవెన్ ప్రొవిన్సియన్ అనే డచ్ యుద్ధనౌకను అడ్డగించిన దళంలో జావా క్రూయిజర్‌తో పాటు పీట్ హైన్, ఎవర్ట్‌సెన్ డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే చిన్న యుద్ధనౌకలు) ఉన్నాయి. అడ్డగించబడిన నౌకలో జీతాల కోతకు ఎదురుతిరిగిన ఇండోనేషియా, డచ్ నావికులు ఉన్నారు. లొంగిపొమ్మన్నా వినకపోవడంతో సముద్ర విమానం వేసిన 50 కిలోల బాంబు ముందు డెక్ మీద పడి 23 మంది చనిపోయారు. కాబట్టి ఈ డిస్ట్రాయర్లను వలస పోలీసు నౌకలని పిలవడమే సబబని నా అభిప్రాయం.

లంగరు: ఒక్క రోజు పనిని బట్టి నౌక స్వభావాన్ని తేల్చకూడదు. పీట్ హైన్ తరగతి డిస్ట్రాయర్లు ఎనిమిదింటికీ నమూనా బ్రిటన్‌లోని యారో సంస్థ ఇచ్చినదే. 36 నాట్ల వేగం, నాలుగు 120 మిల్లీమీటర్ల ఫిరంగులు, ఆరు టార్పెడో గొట్టాలు, పైగా క్రేన్‌తో నీటి మీదికి దించే ఒక చిన్న ఫోకర్ విమానం. జీతం అడిగే నావికులను అదుపు చేయడానికి టార్పెడోలు ఎందుకు? వాటిని ఇండీస్ (డచ్ వలస, నేటి ఇండోనేషియా) మీదికి వచ్చే పెద్ద నౌకాదళాన్ని దృష్టిలో పెట్టుకొని కట్టారు.

తెరచాప: కట్టిన ఉద్దేశాన్ని నేను కాదనడం లేదు. అయితే ఇండీస్‌కు పెద్ద నౌకాదళం కావాలన్న చట్టం 1923లో డచ్ పార్లమెంటులో 50–49 ఓట్లతో, అంటే ఒక్క ఓటుతో వీగిపోయింది. కొన్ని డిస్ట్రాయర్లతో, జలాంతర్గాములతో అంతటి ద్వీపసముదాయాన్ని కాపాడతామన్నది అప్పటికే అతికష్టమైన లెక్క. శత్రువు రానంతకాలం ఉన్న నౌకలకు మిగిలింది జెండా చూపడం, కాపలా కాయడం. అదే తరగతికి చెందిన వాన్ గాలెన్‌ను 1932లో డచ్ పౌరుల రక్షణకు షాంఘై పంపిందీ అందుకే. (పీట్ హైన్ అనే పేరు స్పానిష్ వెండి నౌకలను పట్టిన 17వ శతాబ్దపు సేనానిది, ఆ పేరు పెట్టుకున్న నౌక 1933లో వెళ్లి తన తోటి నావికుల ముందు నిలబడింది.)

లంగరు: జెండా చూపడం అన్ని నౌకాదళాలూ చేసే పనే, దాన్ని మాత్రం మీ వాదనకు సాక్ష్యంగా ఒప్పుకోను. ఆ బాంబును హెచ్చరికగానే వేశారన్న వాదన కూడా అప్పట్లో వినిపించింది. ఇక పీట్ హైన్ మాటకొస్తే, 1942 ఫిబ్రవరిలో బాలి పక్కన బాదుంగ్ జలసంధిలో జపాన్ డిస్ట్రాయర్లతో రాత్రి పోరులో మునిగిపోయింది.

తెరచాప: అదే నేనంటున్నది. యుద్ధానికి కట్టిన నౌకకు యుద్ధం దొరికింది ఆ కొద్ది వారాలే. అంతకు ముందు పద్నాలుగేళ్ల కొలువు గురించి నా ప్రశ్న.