పసిబిడ్డ స్వెట్టరుకు నిట్టింగా, క్రోషియానా?

ఊలుబంతి:
ఢిల్లీలో ఉంటున్న మా అమ్మాయికి కార్తీక మాసంలో పురుడు. చలి ముదిరేలోగా బిడ్డకు స్వెట్టరు అల్లి పంపాలని ఉంది. 50 గ్రాముల ఊలు ఉండలు మూడు నా దగ్గర ఉన్నాయి. రెండు పనులూ వచ్చు గనుక, ఏది మేలో కారణంతో సహా చెప్పగలరు.

సూదిమొన:
నిస్సందేహంగా నిట్టింగే. రెండు సూదులతో అల్లిన గుడ్డ సాగి మళ్లీ దగ్గరపడుతుంది. మెడకూ మణికట్లకూ ఒక నిట్ (సూటి కుట్టు), ఒక పర్ల్ (దాని తిరగ కుట్టు) చొప్పున పట్టీ వేస్తే ఒంటికి హత్తుకుని ఉంటుంది. ఒక్క కొక్కెపు సూదితో అల్లే క్రోషియా గుడ్డ మందంగా, బిరుసుగా వస్తుంది, అదే కొలతకు ఊలు కూడా ఎక్కువ పడుతుంది.

గోదావరి లేసు:
"నిస్సందేహంగా" అన్న మాటతో ఏకీభవించలేను. నరసాపురం పరిసరాల్లో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషియాతోనే తరతరాల ఆడవాళ్లు ఇల్లు నడుపుకొస్తున్నారు; ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నిట్టింగును యంత్రం అల్లేస్తుంది, అసలైన క్రోషియాను నేటికీ చేత్తోనే అల్లాలి. పైగా సూది మీద ఉండేది సాధారణంగా ఒక్క లూపే కాబట్టి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే పని అక్కడే పడేసి లేవవచ్చు.

సూదిమొన:
నరసాపురం పనితనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గానీ, ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. అక్కడ సన్నని నూలు దారంతో అల్లే బల్లగుడ్డలకు సాగే గుణం అక్కరలేదు సరికదా, సాగితే ఆకృతి చెడుతుంది. యంత్రం చేయలేకపోవడం వల్ల పనికి విలువ పెరుగుతుందేమో, బిడ్డకు వెచ్చదనం పెరగదు. లేసు తరహా రంధ్రాల్లో పసివేళ్లు చిక్కుకునే ప్రమాదమూ ఉంది. ఇక నిట్టింగులో కుట్టు జారితే క్రోషియా సూదితో పైకి ఎక్కించవచ్చు (నవ్వుకోండి, అందుకోసమే నేనూ ఒకటి దాచుకున్నాను).

గోదావరి లేసు:
రంధ్రాల మాట నిజమే. సింగిల్ క్రోషియాతో (పొట్టి కుట్టుతో) దగ్గరగా అల్లితే ఆ బెడద ఉండదు, కొంచెం లావు సూది వాడితే బిరుసూ తగ్గుతుంది. తల మీదుగా తొడిగేదయితే నిట్టింగే చేయమంటాను, ఎందుకంటే మెడ సాగకపోతే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ముందు బొత్తాలు పెట్టేదయితే మాత్రం నా మాట మార్చుకోను.

ఊలుబంతి:
బొత్తాలదే అల్లాలనుకుంటున్నానండి.

సూదిమొన:
అలాగైతే క్రోషియాకు మూడు ఉండలు చాలకపోవచ్చు. నాలుగోది ఇప్పుడే కొనండి. ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద రంగు లాటు నంబరు ఒకటేనా అని చూసుకోండి. వేరే లాటుదయితే చివర అల్లిన చేతుల దగ్గర రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.